గ్యాలనుకు పదిహేడు మైళ్ళు

నేను కారు కొన్నది మోజుతో కాదు. అరవైల మొదట్లో నెల్లూరులో సొంతంగా ఆడవాళ్ళ వైద్యం చేసే లేడీ డాక్టర్లం కొద్దిమందిమే. పల్లెలో కాన్పు కష్టమైతే మనిషిని పంపేవాళ్ళు. బస్సు దొరికితే బస్సులోనో, లేకపోతే ఎద్దుబండిలోనో నేను చేరేసరికి ఒక్కోసారి చేయడానికేమీ మిగిలేది కాదు. అట్లా రెండుసార్లు జరిగాక కారుకు పేరు రాయించి, ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకున్నాను.

నడపడానికి ఒక డ్రైవరును పెట్టుకున్నాను. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, అంతకుముందు లారీ తోలినవాడు. ఆదివారం పొద్దున చర్చికి పోవడానికి తప్ప మరెందుకూ సెలవు అడిగేవాడు కాదు. మాట తక్కువ. వయసులో పెద్దవాడైనా నేను 'నువ్వు' అనేదాన్ని, ఆయన 'అమ్మా' అనేవాడు. అప్పట్లో అది నాకు వింతగా తోచలేదు.

రోగులకు జ్వరం పట్టీ రాసే అలవాటు వల్ల కారుకూ ఒక నోటుపుస్తకం పెట్టాను. ట్యాంకు మూతిదాకా నింపించి, మీటరులో మైళ్ళు చూసి రాసుకునేదాన్ని. మళ్ళీ నింపినప్పుడు ఎన్ని గ్యాలన్లు పట్టిందో చూసి భాగించేదాన్ని. మొదటి నెల గ్యాలనుకు ఇరవై రెండు మైళ్ళు వచ్చింది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ముప్పై అని ఉంది. నాకు అంటగట్టిన బండిలో ఏదో లోపం ఉందని అనుమానపడి, ట్రంకురోడ్డు పక్కన షెడ్డు పెట్టుకున్న మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను.

మేస్త్రీ బానెట్టు ఎత్తి చూసి నవ్వాడు. "కొత్త ఇంజను బిగువుగా ఉంటాదమ్మా. కొత్తచెప్పులు కరిచినట్టు. నాలుగు నెలలు నిదానంగా తిప్పండి. లోపలుండేవి ఒకదానికొకటి అలవాటు పడితే అదే దారికొస్తాది."

ఆయన మాటే నిజమైంది. ఇరవై అయిదు, తరవాత ఇరవై ఎనిమిది, దసరా నాటికి ముప్పై. బరువు పెరుగుతున్న పసిబిడ్డను చూసినట్టు ఆ అంకెలు చూసుకునేదాన్ని.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. తోటపల్లి గూడూరు అవతల ఒక పల్లెలో బిడ్డ అడ్డం తిరిగింది. అక్కడ చేయగలిగింది లేక, ఆపరేషనుకు తెద్దామని తల్లిని వెనక సీట్లో పడుకోబెట్టాం. డ్రైవరు తాళం తిప్పితే ఇంజను మూలిగి ఊరుకుంది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. పదిమంది కలిసి కాలువకట్ట మీద బురదలో అరమైలు తోశాక గాని అందుకోలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. కాని సాయంత్రం దాకా నా భయం వదలలేదు. ఆ భయమంతా ఆయన మీద చూపించాను. ఆసుపత్రి వాకిట్లో, నర్సులు వింటూ ఉండగా అన్నాను: "బండి సిద్ధంగా ఉంచడం తప్ప నీకేం పని? ఇంకోసారి ఇట్లా నిలబడిపోతే నా దగ్గర నీకు పని ఉండదు."

"సరేనమ్మా" అన్నాడు. అంతే.

ఆ తరవాత పదిహేను రోజులూ ఎక్కువగా తోటపల్లి గూడూరు వైపే పోవలసి వచ్చింది. ట్యాంకు నింపిస్తే లెక్కకు పద్దెనిమిది వచ్చింది. తప్పు చేశానేమోనని మళ్ళీ భాగించాను. పద్దెనిమిదే. ఆ పై పక్షానికి పదిహేడు.

మళ్ళీ మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆ రోజు ఎండ బాగా కాస్తోంది. ఆయన ప్లగ్గులు తీసి చూశాడు, కార్బురేటరు విప్పి కడిగాడు, చక్రాల్లో గాలి చూశాడు. తాళం తిప్పితే ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

"బురదదారిలో చిన్న గేర్ల మీద పోతే కొంత ఎక్కువ తాగతాదమ్మా. ఇంత తాగదు," అన్నాడు. తరవాత గొంతు తగ్గించాడు. "బండే తాగతా ఉండాదా, ఇంకెవురన్నా తాగతా ఉండారా, అది మీరే చూసుకోవాల."

షెడ్డు బయట డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు. నేను ఆయన వీపు వంక చూస్తూ నిలబడ్డాను.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. కావలిలో ఒక పేషెంటు ఉంటే ట్యాంకు నింపించుకుని పోయి, వచ్చాక మళ్ళీ నింపించాను. ముప్పై. మనుబోలులో ఒక బాలింతకు ఇంజెక్షను ఇచ్చి పది నిమిషాల్లో మళ్ళీ కారెక్కాను. ఇరవై తొమ్మిది. పెట్రోలు తరిగేది తోటపల్లి గూడూరు వైపు పోయినప్పుడే. ఆ పల్లె సందుల్లో కారు పట్టదు. ఇళ్ళకు రెండు ఫర్లాంగుల దూరంలో, కాలువకట్ట మీద ఆగేది. నేను లోపల రెండేసి గంటలు ఉండేదాన్ని. తిరిగి వచ్చేసరికి ఇంజను తిరుగుతూ ఉండేది, నన్ను దూరాన్నుంచి చూసి తిప్పాడనుకునేదాన్ని. ఆ రెండు గంటలూ కారు దగ్గర ఉండే మనిషి ఒక్కడే.

ఇక ఆయన చేసే ప్రతి పనీ నాకు వేరుగా కనిపించసాగింది. డిక్కీలో కొత్తగా ఒక రేకుడబ్బా చేరింది. ఎందుకని అడిగితే "నీళ్ళకమ్మా" అన్నాడు. ఆయన లేనప్పుడు మూత తీసి వాసన చూశాను. పెట్రోలు వాసన. నిజానికి అది పాత పెట్రోలు డబ్బాయే, ఎన్ని కడుగులు కడిగినా ఆ వాసన పోదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు, తట్టినా ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ పల్లెలో ఒక రైతు చేను తడపడానికి కొత్తగా ఆయిలింజను పెట్టించాడు. అది నడిచేది కిరసనాయిలుతోనే అయినా, మొదలుపెట్టేటప్పుడు కాస్త పెట్రోలు పోయాలి. ఒకసారి నేను కట్ట మీదికి వచ్చేసరికి డ్రైవరూ ఆ రైతూ మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఇద్దరూ ఆపేశారు. నాకు కథంతా అర్థమైపోయినట్టే అనిపించింది.

రోగిని ఏ ప్రశ్నయినా మొహం మీదే అడిగేదాన్ని. ఈయన్ని మాత్రం అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతాడనుకున్నాను. ఒక ఉదయం బయలుదేరే ముందు, కుట్లు వేసే నల్ల పట్టుదారం ఒక పోగు తీసి ట్యాంకు మూతకు అడ్డంగా కట్టాను. మూత తిప్పితే తెగాలి. తిరిగివచ్చి చూస్తే తెగలేదు. పెట్రోలు మాత్రం ఎప్పటిలాగే తరిగింది. అప్పుడైనా నా మనసు కుదుటపడాలి. పడలేదు. కింద గొట్టం విప్పి తీస్తున్నాడన్నమాట, ఎంత తెలివి, అనుకున్నాను.

వానలు వెనకబట్టి మంచు కురిసే రోజులు వచ్చాయి. ఆ ఆయిలింజను రైతు చెల్లెలికే నొప్పులని కబురు వచ్చింది. పోయిన గంటన్నరకే సుఖంగా కాన్పయింది. చేతులు కడుక్కుంటూ, చెంబుతో నీళ్ళు పోస్తున్న రైతును మామూలుగా అడిగినట్టు అడిగాను.

"మా డ్రైవరు నీ ఇంజనుకు పెట్రోలు ఇస్తుంటాడా?"

"పెట్రోలా?" అన్నాడు. "ఆయనే మా ఇంజను కాడికొచ్చి డబ్బాతో నీళ్ళు ముంచుకుపోతాడమ్మా."

ఇద్దరూ ఒక మాట మీద ఉన్నారనుకున్నాను. వాకిలి వైపు పోకుండా పెరటి దారిన, చేని గట్ల మీదుగా కాలువ వైపు నడిచాను. రైతు ఏమీ తెలియక నా వెనకే వచ్చాడు. కట్ట దగ్గరవుతుండగా ఇంజను చప్పుడు వినిపించింది. ఎక్కడికో పోయి వచ్చినట్టున్నాడు, బాగా దొరికాడు, అనుకున్నాను.

కారు బానెట్టు ఎత్తి ఉంది. డ్రైవరు డబ్బాతో రేడియేటరులో నీళ్ళు పోస్తున్నాడు. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

"ఎక్కడికి పోయొచ్చావు?"

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. "యాడికీ పోలేదమ్మా."

"మరి ఇంజను ఎందుకు తిరుగుతోంది?"

"ఆపలేదమ్మా."

"ఎప్పటినుంచి?"

"మీరు దిగినప్పటినుంచి."

రైతు అందుకున్నాడు. "ఎప్పుడొచ్చినా ఇంతేనమ్మా. ఎందుకన్నా ఊరికే తిప్పతా ఉండావని మేం గూడా అడిగినాం. డాక్టరమ్మ మనిషిని తెచ్చి ఎక్కించినప్పుడు బండి పట్టకపోతే ఏం చేసేదన్నాడు. ఈ సంగతి మీతో అనొద్దన్నాడు."

సిగ్గుపడవలసింది ఆ క్షణంలోనే. కాని అనుమానం అంత తేలికగా వదలలేదు. "ఆపు," అన్నాను. ఆపాడు. "ఇప్పుడు తిప్పు." తిప్పాడు. ఒక్క తిప్పుకే పట్టింది.

"చూశావా?" అన్నాను.

"చల్లారనీండమ్మా. ఈ కాలువ చెమ్మకే పట్టదు," అన్నాడు.

మళ్ళీ ఆపించి, ముగ్గురం కట్ట మీద కూర్చున్నాం. సముద్రం వైపునుంచి తడిగాలి వీస్తోంది. అరగంట తరవాత ఆయన తాళం తిప్పాడు. ఇంజను మూలిగి ఊరుకుంది. నాలుగుసార్లు తిప్పితే నాలుగుసార్లూ అంతే. అదే మూలుగు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"కొత్త బండికి వంకబెడితే, తోలడం చేతగాక అంటా ఉండాడంటారు. మీరు సిద్ధంగా పెట్టమన్నారు. పెట్టినా." నేల వంక చూస్తూ అన్నాడు: "మూతకి దారం గట్టినారు గదమ్మా. బండి తుడిచేటప్పుడు అది తెగకుండా చూసుకుంటా వచ్చినా. తెగితే మీరేమనుకుంటారో నాకు తెలుసు."

రైతు లేచి, తోయడానికి మనుషులను పిలుచుకొస్తానని ఊళ్ళోకి వెళ్ళాడు.

మనుషులు వచ్చినా తోయించలేదు, కబురు పంపి ఈసారి మేస్త్రీని కట్ట మీదికే రప్పించాను. ప్లగ్గులకు కరెంటు పంచే నల్లటి మూతకు వెంట్రుకంత పగులు ఉంది. అందులోకి చెమ్మ చేరితే ఇంజను అందుకోదు, పొడిగా ఉంటే ఏ తేడా తెలియదు. "ఎండ కాసే రోజు, వేడి బండి తెచ్చి చూపిస్తే నాకెట్ట దొరకతాదమ్మా," అన్నాడు. బండి కదలకుండా తిరిగినా గంటకు పావు గ్యాలను తాగుతుందని కూడా చెప్పాడు. పోను రాను ఇరవై మైళ్ళు, నిలబడి రెండు గంటలు. లెక్క వేసి చూస్తే సరిగ్గా పదిహేడు. నా నోటుపుస్తకంలో మైళ్ళకూ గ్యాలన్లకూ గడులు ఉన్నాయి గాని, నిలబడిన గంటలకు గడి లేదు.

మూత మద్రాసునుంచి తెప్పించి వేశాక అంకె మళ్ళీ ముప్పైకి చేరింది. "తప్పు నాదే," అని ఆయనతో షెడ్డులో అన్నాను. అది ఆసుపత్రి వాకిట్లో, ఆ నర్సుల ముందు అనవలసిన మాట. అనలేదు.

ఎండాకాలం చివర ఆయన పని మానుకుంటానన్నాడు. అల్లుడు లారీ కొన్నాడని, తోడు రమ్మంటున్నాడని చెప్పాడు.

"నా మీద కోపమా?" అని అడిగాను.

"కోపమేందమ్మా," అన్నాడు. ఆ లారీ ఉందో లేదోనని నాకు చాలా రోజులు సందేహంగానే ఉండేది.

మరుసటేడు మనుబోలు దగ్గర రైలుగేటు పడి ఉంటే, ముందు నిలబడిన లారీలోనుంచి ఆయన దిగి నా కారు దగ్గరికి వచ్చాడు. కొత్త డ్రైవరుతో రెండు మాటలు మాట్లాడాడు. నాకు దండం పెట్టి, "బాగుండారా అమ్మా?" అని అడిగాడు. బాగున్నానన్నాను. గేటు లేచింది. ఆయన పరుగున పోయి లారీ ఎక్కాడు.

లారీ నిజమేనన్నమాట అని నాకు ముందు తట్టింది. నువ్వు బాగున్నావా అని అడగాలని, లారీ పట్టాలు దాటి పోయాక తట్టింది.