మూడో ముద్ద

దగ్గరకొచ్చి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే మాట కాదు. ముందే చెబుతున్నాను, దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా ఇంట్లో గంగమ్మ తల్లిని తప్ప ఇంకెవరినీ నమ్మనిచ్చేవారు కాదు.

మాది విశాఖపట్నం ఒడ్డున చేపలు పట్టే ఇల్లు. స్టీలు ప్లాంటు వస్తుందట అని అందరూ చెప్పుకునే రోజులవి. నాకు తొమ్మిదేళ్ళు. ఒకే తాటాకు ఇంట్లో పదకొండు మందిమి. మామ్మ, అంటే మా నాన్న తల్లి, పెద్ద చట్టిలో అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే చుట్టూ కూర్చుని చేతులు చాపేవాళ్ళం. ఎవరి చేతిలో ముందు పడుతుందా అని తోసుకునేవాళ్ళం.

మామ్మకు ఒక నియమం ఉండేది. వేటకు వెళ్ళే ఒక్కొక్కరికీ ఒక ఉప్పులేని అన్నం ముద్ద, పేరు చెప్పి, గంగమ్మ పీట ముందు ఆకులో పెట్టేది. తెప్ప అలలు దాటకముందే పెట్టాలి. తిరిగొచ్చిన వాళ్ళు ఎవరి ముద్ద వాళ్ళు తిన్నాకే ఇంకేదైనా ముట్టుకోవాలి.

ఆ వేళ మా చిన్నాన్నకు జ్వరం. అందుకని మామ్మ నాన్నకీ పెదనాన్నకీ రెండు ముద్దలే పెట్టింది. తెల్లవారుతుండగా నేను వాళ్ళ వెనక ఒడ్డుకు వెళ్ళాను. చిన్నాన్న బదులు తెప్ప మీదకు రావలసిన పొరుగింటి మనిషి రాలేదు. ఇంతలో చిన్నాన్న దుప్పటి కప్పుకుని నడిచొచ్చాడు.

దుప్పటి నా మీదకు విసిరి, “ఓలమ్మీ, నానూ ఎల్తన్నానని మామ్మకి సెప్పు. నా ముద్ద ఎట్టమను. పెద్దది ఎట్టమను” అన్నాడు.

“జొరమొచ్చినోడికి పెద్ద ముద్దేటిరా?” అన్నాడు నాన్న. ముగ్గురూ నవ్వుకుంటూ తెప్పను నీళ్ళలోకి తోశారు.

నేను పరుగెత్తుకెళ్ళి చెప్పాలి. దారిలో గవ్వలు కనిపించాయి. ఏరుకుంటూ మరిచిపోయాను. దుప్పటి చుట్టి చిన్నాన్న చాప మీద పడేశాను. మామ్మ దాన్ని చూసి, ఆయన ముసుగేసుకుని పడుకునే ఉన్నాడనుకుందట.

మధ్యాహ్నం గాలి మారింది. హార్బరు బయట ఆగిన ఓడలు ఒక్కసారిగా పక్కకు తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చింది. మామ్మ నీళ్ళకు వెళ్ళింది. చట్టిలో అన్నం తీసి ముద్ద చేసి, చిన్నాన్న పేరు చెప్పి, మూడో ఆకులో పెట్టాను.

దీపాల వేళకూ తెప్ప రాలేదు. దీపం పెట్టబోయిన మామ్మ మూడు ముద్దలు చూసి ఆగిపోయింది.

“ఇదెవులు ఎట్టేరే?”

ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె వంగి చూసింది. రెండు ముద్దలు ఎండి బీటలిచ్చాయి. మూడోది నీళ్ళలో నానుతోంది. ఆకు అంచు దాకా నీళ్ళు. వాన పడలేదు. నేల పొడిగా ఉంది. మామ్మ వేలు ముంచి నాలుకకు రాసుకుంది. నా చేతా రుచి చూపించింది. ఉప్పు. సముద్రం ఉప్పు. మా నూతి నీళ్ళు తియ్యన.

“ఎవులితోనూ అనకు” అంది. అంతే.

మర్నాడు పొద్దున్న తెప్ప వచ్చింది. ఇద్దరే దిగారు. గాలి మారిన కాసేపటికి పెద్ద అల కొట్టిందట, చిన్నాన్న మళ్ళీ పైకి రాలేదట.

పెదనాన్న తడిబట్టలతోనే పీట ముందు నిలబడి అడిగాడు. “అమ్మా, ఆడికి ముద్ద ఎట్టేవా?”

నేను మామ్మ చీర పట్టుకుని వెనక ఉన్నాను.

“ఎట్టేను. నా సేత్తోనే ఎట్టేను. యేళకే ఎట్టేను” అంది మామ్మ.

గంగమ్మ ముందు ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ ఆ పీటకు తన చేత్తో పసుపు రాయలేదు. అమ్మ చేత రాయించేది. ఎందుకని ఎవరడిగినా నడుం నొప్పి అనేది. నాకు మాత్రం ముద్ద పెట్టడం ఒక్కపూటా మానలేదు.

ఆకులోకి ఆ నీళ్ళు ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. నేను వేళకు చెప్పి ఉంటే చిన్నాన్న వచ్చేవాడా అన్నదీ తెలియదు. అడుగుదామంటే మామ్మ లేదు.

మీ ఇంట్లోంచి బయటికెళ్ళిన వాళ్ళందరూ వేళకు తిరిగొచ్చి, మీ చేతి ముద్ద వేడిగా తిందురు గాక.