పడవల రేవులో తేలిన చిక్కుముడి

చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో లిఫ్టులు తనిఖీ చేసే రాదిమ్ వావ్రా లెక్క ప్రకారం ఆ ఊళ్లో మేధావులు ఇద్దరే. రెండోవాడెవరో ఎంత ఆలోచించినా అతనికి తట్టేది కాదు.

ఏటా వసంతంలో అక్కడ చిక్కుముళ్ల వేట జరుగుతుంది. జట్లు ఊరంతా తిరుగుతూ మజిలీకొక చిక్కు విప్పి, ఒక్కో మాట సంపాదిస్తాయి. ఆ మాటలన్నిటినీ కలిపి చూస్తే చివరికి ఎక్కడికి చేరాలో తెలియాలి. ఆ కలిపే చిక్కుముడి కట్టడం రాదిమ్ పని. కొన్నేళ్లుగా దాన్ని విప్పిన జట్టు లేదు. మిగతా నిర్వాహకులు తలలు పట్టుకునేవాళ్లు. రాదిమ్ మాత్రం స్థాయి నిలబెట్టానని మీసం తిప్పేవాడు.

ఈసారి అతను ఏరిన మాటలు నాలుగు: మాత్కా, ఓకో, లిస్ట్, ఓసా. అంటే తల్లి, కన్ను, ఆకు, కందిరీగ. చెక్ భాషలో ఈ నాలుగూ కార్ఖానాలో అడుగుపెట్టగానే ఇనుమైపోతాయి. తల్లి నట్టవుతుంది, కన్ను ఇనుప కడియమవుతుంది, ఆకు రంపపు బ్లేడు, కందిరీగ ఇరుసు. కనుక జట్లన్నీ జిదెనిత్సె పేటలో మూతబడ్డ రైలింజన్ల షెడ్డుకు రావాలి. ఇంత తేటగా ఉన్నదాన్ని వివరించడం చిన్నతనంగా తోచి, మిగతా నిర్వాహకులకూ అతను మాటలే ఇచ్చాడు గానీ జవాబు చెప్పలేదు.

వేట నడిపే బోహ్దానా మనసులో మాట దాచుకునే మనిషి కాదు.

"ముందు ఎవరిచేతనైనా ఒకసారి విప్పించి చూద్దాం, రాదిమ్."

"ఎవరిచేత? దీనికి సరిపడే బుర్ర ఎవరికుంది?"

"నీకే ఉంది. పాపం, నీకు జవాబు ముందే తెలిసిపోయింది."

వేట రోజు రాదిమ్ పతకాల సంచీ, టీ ఫ్లాస్కూ పట్టుకుని షెడ్డు గేటు దగ్గర నిలబడ్డాడు. సన్నగా జల్లు మొదలైంది. ఒక కుక్క వచ్చి సంచీ వాసన చూసి, పెద్దగా నచ్చనట్టు వెళ్లిపోయింది. మధ్యాహ్నం దాటింది. ఈ ఏడు కూడా ఒక్కరూ విప్పలేదన్న బాధ అతనికి టీతో పాటు తియ్యగా దిగుతోంది.

అప్పుడు ఫోను మోగింది.

"ఎక్కడ చచ్చావయ్యా? జట్లు దాదాపు అన్నీ వచ్చి కూర్చున్నాయి, పతకాలేమో నీ దగ్గరున్నాయి," అంది బోహ్దానా.

"వచ్చాయా? ఇక్కడ పిట్ట కూడా లేదే."

"అక్కడెందుకుంటాయి? అందరం జలాశయం దగ్గర, మోలో మీదున్నాం."

మోలో అంటే రేవులో నీళ్లమీదికి కట్టిన చెక్క వేదిక, పడవ ఎక్కే చోటు.

"మోలో ఏమిటి?" అన్నాడు రాదిమ్.

"మాటల్లో మొదటి అక్షరాలేగా. మ, ఓ, ల, ఓ. కలిపితే మోలో. ఇన్నాళ్లకు మనుషులు విప్పేది పెట్టావని ఇక్కడ నిన్ను తెగ పొగుడుతున్నారు."

రాదిమ్ గేటు పట్టుకున్నాడు. మొదటి అక్షరాలు కలపడం పాలపళ్లవాళ్ల ఆట అని పదిమందిలో ఎగతాళి చేసినవాడు అతనే. ఆర్నెల్లపాటు ఆ మాటల్ని తిప్పి, బోర్లించి, కడుపు చీల్చి చూశాడు. ఎదురుగా నిలబెట్టి మాత్రం చూడలేదు.

సరిగ్గా అప్పుడే ఒక జంట తడిసి ముద్దై వచ్చింది. లియోపోల్ద్, అతని భార్య క్వెతా. వేటలో ఆడటానికి ఒలొమోత్స్ ఊరి నుంచి వచ్చారు.

"నట్టు, కడియం, బ్లేడు, ఇరుసు. ఇదేనా చోటు?" అన్నాడు లియోపోల్ద్.

రాదిమ్ టీ ఫ్లాస్కు వాళ్ల చేతికిచ్చాడు. అతని ఆలోచనను అతనిలాగే ఆలోచించిన మనుషులు, జీవితంలో మొదటిసారి.

"ఎలా అనిపించింది?" అన్నాడు మెల్లగా.

"మాటలు బాగున్నాయి గానీ, ఇక్కడ బాత్రూం ఎక్కడండీ?" అంది క్వెతా.

లేదని తెలిశాక ఆవిడ చూసిన చూపులో మెచ్చుకోలు కనిపించలేదు. ముగ్గురూ ట్రాము ఎక్కారు. దారిలో రాదిమ్ మోలో సంగతి చెప్పాడు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మిగతా దారంతా కిటికీలోంచి బయటికి చూశారు.

రేవులో సాసేజీలు కాలుతున్నాయి. రాదిమ్ దిగగానే చప్పట్లు మోగాయి. అసలు జవాబు షెడ్డు అని చెప్పడానికే అతను నోరు తెరిచాడు. ఎదురుగా ఇన్నేళ్లలో మొదటిసారి తనను చూసి నవ్వుతున్న మొహాలు. తెరిచిన నోటితో "థాంక్స్" అన్నాడు. ముందుగా రేవు చేరిన జట్టు మెడలో మొదటి పతకం వేశాడు.

లియోపోల్ద్ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "మేం ఎవరికీ చెప్పం లెండి. కానీ మా ఆవిడకి సాసేజీ, నాకు పెద్ద బీరు."

రాదిమ్ వెళ్లి బీరు వరసలో నిలబడ్డాడు. వెనకనున్న కుర్రది, అంత సింపుల్‌గా ఎలా తట్టిందండీ అని అడిగింది.

"సింపుల్‌గా చెయ్యడమేనమ్మా కష్టం," అని మొదలుపెట్టాడు రాదిమ్. బీరు పోసే బల్ల దగ్గరికి చేరేసరికి అతనికీ అది నిజమేననిపించింది.