నాలుగు వేళ్ళ పొర

మొన్న ఒక మిరపచేలో ట్రాక్టరు పాటిమన్ను దిమ్మరిస్తుంటే పక్కగా నడిచాను. పాత ఊళ్ళు కూలిన దిబ్బల మట్టిని మా వైపు పాటిమన్ను అంటారు. చేలకు బలమని తోలుకుంటారు. వానకు తడిసిన ఆ బూడిదవాసన తగలగానే మస్తాను మామ గుర్తొచ్చాడు. ఆయన పోయి నెల అయింది.

పురావస్తు శాఖలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, గురజాల అవతల నాగులేరు ఒడ్డున ఒక పాటిదిబ్బ తవ్వకం నాకు అప్పగించారు. రాతి గొడ్డళ్ళతో, పశువులతో బతికిన జనం ఇనుము వాడకంలోకి మారిన కాలం అక్కడ దొరుకుతుందని ఆశ. మస్తాను మామ కూలీలకు మేస్త్రీ, అందరూ మామ అనే పిలిచేవారు. చదువుకోలేదు. మట్టిని వేళ్ళ మధ్య నలిపి పొర మారిందో లేదో చెప్పేవాడు. నేను పుస్తకంలో చూసుకుంటే గాని ఒప్పుకునేవాణ్ణి కాదు. "మట్టి ఈడుంటే కాయితంలో ఎతుకుతావేంది సారూ?" అని నవ్వేవాడు. తాపీ పట్టడం నాకు నేర్పింది ఆయనే. "గీకు, పొడవబాక" అనేవాడు.

ఒకరోజు కింద రాతి గొడ్డళ్ళ కాలపు బూడిదరంగు కుండపెంకులు, పైన ఇనుము కాలపు ఎరుపు నలుపు పెంకులు, రెంటి మధ్య నాలుగు వేళ్ళ మందాన ఒక పొర కనిపించింది. అందులో మూడు రాళ్ళ పొయ్యి. మామ దాని పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఈళ్ళు ఊరిడిచి పోలా సారూ. పొయ్యి కదల్లా, కుండలే మారినయ్. మా ఇంట్లో మట్టిదాకలు పోయి స్టీలు గిన్నెలు రాలా? అట్టనే. అన్నం తినొచ్చి తాపీతో నేనే తీస్తా. అందాకా ముట్టుకోబాక."

ఆ సాయంత్రం పైఅధికారి వస్తున్నాడు. ఆయనకు కిందిపొర చూపించాలని నా ఆత్రం. అందరూ భోజనాలకు వెళ్ళగానే నేనే గునపం వేశాను. పొయ్యి పగిలింది. కింది పొర, పై పొర పెంకులన్నీ ఒకే గంపలో పడ్డాయి.

అధికారి గంప చూసి, "ఇవి ఎవరు కలిపారు?" అని అడిగాడు. మామ నా పక్కనే ఉన్నాడు.

"మేస్త్రీ పొరపాటు సార్" అన్నాను.

తాపీ తప్పుగా పట్టినప్పుడు ఎలా చూసేవాడో మామ నా వంక అలాగే చూశాడు. తలగుడ్డ విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు. ఆ తర్వాత ఏ తవ్వకానికీ ఎవరూ ఆయన్ని పిలవలేదు. పాతవాళ్ళు వెళ్ళిపోయారని, దిబ్బ కొన్నాళ్ళు పాడుబడి ఉందని, తర్వాత కొత్తవాళ్ళు వచ్చారని నేను నివేదిక రాశాను. పొయ్యి ఉందని రాస్తే అది ఏమైందని అడుగుతారు. ఇప్పుడు సరిచూద్దామన్నా ఆ దిబ్బ లేదు, పాటిమన్నుగా చేలలో కలిసిపోయింది.

ఆయన పోయిన వారానికి నరసరావుపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు కుట్టుమిషను మీద నుంచి లేచి టీ ఇచ్చింది.

"సారుకి తాపీ పట్టటం నేనే నేర్పానని నాయన అందరికీ చెప్పుకునేవాడు" అంది. మిషను మీది గుడ్డ మడుస్తూ, "ఒక మాట అడగనా సార్? ఆయన వల్లే పని చెడిందని ఆయనతో పనిచేసినోళ్ళు ఇప్పటికీ అంటారు. ఆ గంప నిజంగా మా నాయనే కలిపాడా? ఎన్నిసార్లడిగినా చెప్పలా."

"ఎప్పటి సంగతో కదమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేదాకా సమయం ఉంది. వచ్చాక కూడా ఉంది. నేను వానలు పడ్డాయా అని అడిగి లేచాను. ఆమెకు ఇవ్వవలసిన జవాబును ఇలా, ఆయన్ని ఎన్నడూ చూడని మీకు రాస్తున్నాను.