పొగమంచులో బటన్ టైర్లు

ఆ రోజుల్లో, బండి కొంటే ధైర్యం దానితో పాటే వస్తుందని నమ్మేవాణ్ణి. కామారెడ్డిలో ఒక పాల వ్యాపారి దగ్గర నా మొదటి కొలువు. తెల్లవారుతుండగా ఖాళీ క్యాన్లు బైకుకు కట్టుకొని ఎల్లారెడ్డి దారిలోని ఊళ్లకు పోయి పాలు పట్టుకురావాలి. చలికాలం పొగమంచు ఒకటైతే, యాసంగి నాట్లకు పొలం దున్ని రోడ్డెక్కిన ట్రాక్టర్లు వదిలే బురద ఇంకొకటి. ఒకరోజు నిండు క్యాన్లతో జారిపడ్డాను. (రోడ్డు తెల్లబడింది, నా ముఖమూ తెల్లబడింది.) "ఇంకోపారి పాలు ఒలికితే పనికి రాకు" అన్నాడు సేటు.

దాంతో, పెద్ద పెద్ద బొడిపెలుండే బటన్ టైర్లు వేయించాలా వద్దా అన్న చర్చ ఇంట్లో మొదలైంది. "బురదల పట్టు దొరుకుతది, ఏపియ్యి" అన్నాడు బావ. టైర్ల షాపు అన్న మాత్రం "డాంబర్ రోడ్డు మీద జర సతాయిస్తయ్, సూస్కో" అన్నాడు. ఎట్లా సతాయిస్తాయో అడిగే తెలివి నాకు లేకపోయింది. వేయించాను.

మర్నాడు అడవి మలుపు దాటి వేగం పెంచగానే వెనుక నుంచి ఏడుపు. ఊఁ... అంటూ సన్నగా, ఊపిరి తీసుకోకుండా. నేను వేగం పెంచితే అది గొంతు పెంచింది. ఆపితే ఆగింది. వెనక్కి చూస్తే మంచు తప్ప ఏమీ లేదు. ముందు, రోడ్డు పక్కన తెల్లటి ఆకారాలు నిలబడి ఉన్నాయి. దగ్గరికి వెళ్లేసరికి మాయమయ్యాయి. తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుంటూ (మధ్యలో బావను తిట్టుకుంటూ) ఊరు చేరితే, పాలు పోసే చోట ఒక్క మనిషీ లేడు. ఒక తలుపు సందులోంచి గొంతు వినిపించింది.

"పోయిందా? గా ఏడుపు నువ్వు గూడ ఇన్నవా?"

"ఇన్న అన్నా! నా ఎనకనే వచ్చింది!"

నా సాక్ష్యంతో దయ్యం ఖాయమైపోయింది. రోజురోజుకూ పాలు తగ్గాయి, సేటు చూపు మారింది. కొలువు పోయేటట్టుందని అనుకుంటున్న ఒక ఉదయం, తెల్ల దుప్పటి కప్పుకొని ఒక అవ్వ పాలగిన్నెతో రోడ్డు పక్కన కూర్చొని కనిపించింది.

"భయమైతలేదా అవ్వా?"

"ఎందుకైతలేదు బిడ్డా? అందరు ఉరికిన్రు. నాకు మోకాళ్ల నొప్పులకు ఉరుకొస్తలేదు. దయ్యమొస్తదని సూస్తే నువ్వొస్తివి." బండిని ఎగాదిగా చూసి, "ఏదీ, జర జోరుగ పోయిరా" అంది.

పోయివచ్చాను. అవ్వ నవ్వీ నవ్వీ దగ్గుతోంది. "ఏడ్సేది నీ టైర్లే బిడ్డా!"

సిగ్గుతో చచ్చిపోయి, "రేపే తీసేపిస్త" అన్నాను.

"తీస్తే బురదల పడ్తవు గద? ఉండనియ్యి. గది ఇనవడితే నువ్వొస్తున్నవని గిన్నెలు పట్టుకొని వస్తం."

మర్నాడు ఏడుపు మొదలవగానే తెల్లటి ఆకారాలు మంచులోంచి ఒక్కొక్కటిగా నా వైపే నడిచి వచ్చాయి. అన్నీ తెలిసి కూడా దేవుళ్లందరినీ ఇంకోసారి తలుచుకున్నాను. పాలు మాత్రం ఆ చలికాలమంతా చుక్క ఒలకలేదు.

ఇప్పుడు ఆ దారిన కారులో, అద్దాలు ఎత్తుకొని పోతుంటాను. ఏ చప్పుడూ లోపలికి రాదు. తన బండి చప్పుడుకు తానే దడిసి, అయినా మర్నాడు మళ్లీ అదే మంచులోకి బయల్దేరిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి మీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది.