టీవీ గొంతు తగ్గించిన అక్క

నా చిన్నప్పుడు మా ఊరందరికీ కలిపి ఒక్కటే టీవీ ఉండేది. నర్సింహులపేటకు నడిచిపోయేంత దూరంలో ఉన్న చిన్న ఊరు మాది. ఆ టీవీని పంచాయతీ ఆఫీసులో, తలుపులున్న చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసేవారు. మధ్యాహ్నం పూట పిల్లల పాఠాలు వచ్చేవి. బడిపిల్లలు లోపల చాప మీద కూర్చునేవారు. బడి ముఖం చూడని నేను మేకలను బయట వదిలి, వెనకాల గోడకు ఆనుకుని చూసేదాన్ని.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, మా కోడలు మనవరాలిని టీవీ ముందు కూర్చోబెట్టి వంటింట్లోకి పోతుంది. "అదే అన్నీ నేర్పుతది, నువ్వు నడుమల మాట్లాడకు అత్తమ్మా" అంటుంది. మాట్లాడతాను. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, చదువు ఎంత కష్టంగా వస్తుందో నా వేళ్ళకు తెలుసు.

ఆ రోజు పాఠం కప్పల గురించి. పాట, బొమ్మలు, తబలా చప్పుడు. నోరు తెరుచుకుని చూశాను. ఇంటికి పోయేసరికి మా మేక ఒకటి పక్కవాళ్ళ పెసరచేలో పడిందని బాపు మండిపడుతున్నాడు. "గంతసేపు గా డబ్బ ముంగట నిలవడ్డవు గదా, ఏం నేర్చుకున్నవో చెప్పు" అన్నాడు. నేను పాట రాగం తీశాను. "పాట గాదే, సంగతి చెప్పు" అన్నాడు. ఒక్క ముక్క రాలేదు. టీవీలో పాఠం చెప్పినాయన మాట్లాడిన తెలుగు మా ఇళ్ళలో వినే తెలుగు కాదు, చెవుల మీదుగా జారిపోయింది. "రేపటి సంది అటు దిక్కు పోతే కాళ్ళిరగ్గొడ్త" అన్నాడు. ఏడ్చాను. బడి ఎట్లాగూ లేదు, ఆ గోడ కూడా పోతే నాకేం మిగులుతుంది?

నా ఏడుపు పక్కింటి అక్క విన్నది. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. నాట్లప్పుడు మా వాడకట్టు ఆడవాళ్ళలో పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఒక వరుస అంటే మిగిలినవాళ్ళు అందుకోవాలి. అందుకోకపోతే నడుము లేపి, "నోట్లె మట్టి పెట్టుకున్నరానే?" అని గదమాయించేది. మరునాడు మా బాపుతో "కాకా, గీ ఒక్కరోజు నాతోని పంపు, అటెన్క నీ ఇష్టం" అని, నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. గోడ దగ్గరికి కాదు, చాప మీదికి.

అదే పాఠం మళ్ళీ వేశారు. పాట మొదలు కాగానే అక్క లేచి వెళ్ళి సౌండు బుడిపె మొత్తం తిప్పేసింది. బొమ్మలు ఆడుతున్నాయి, చప్పుడు లేదు. పిల్లలు లొల్లి లొల్లి చేశారు.

"అక్కా, టీవీ ఖరాబైంది!"

"ఖరాబు కాలే. అది పాట ఎత్తుకుంటనే ఉన్నది, అందుకునేటోళ్ళేరి? గిప్పుడు మీరు చెప్పుండ్రి. గా నల్లటియి ఏంది?"

"చేపపిల్లలు" అన్నాడొకడు.

కాదన్నాను. నా గొంతు ఆ గదిలో అప్పటిదాకా ఎవరూ విననే లేదు. "గవి కప్పపిల్లలు. సూడుండ్రి, ఎనక కాళ్ళు మొలుస్తున్నయి."

"నీకేమెరుకనే, మేకలదానా?"

"వాగు మడుగుల సూసిన."

"మరి తోక యాడికి పోయింది? తెగి పడ్డదా?" అన్నది అక్క, తెర మీది పెద్ద కప్పను చూపించి.

ఊడిపోయిందని ఒకరు, కప్పే తినేసిందని ఇంకొకరు. గదంతా కీచులాట. అక్క మాత్రం జవాబు చెప్పకుండా నవ్వుతూ నిలబడింది.

ఎప్పుడొచ్చాడో, తలుపు దగ్గర మా బాపు. చేతిలో మేకలు తోలే కర్ర ఉంది. నన్ను ఈడ్చుకుపోవడానికే వచ్చాడనుకుని లేచాను. ఆయన తెర వంక చూశాడు, నా వంక చూశాడు.

"అయితే తోక యాడికి పోయినట్టే?"

"మడుగు కాడ రోజు సూసి చెప్త, బాపు."

"సూసి చెప్పు. జర మేకలను గూడ సూడు" అని వెళ్ళిపోయాడు.

బడికి మాత్రం పంపలేదు. ఆ బాధ వేరు, దాన్ని ఏ టీవీ తీర్చలేదు. కానీ చాప మీద నా చోటు నాకుండిపోయింది. మేకలు మేస్తుంటే మడుగు ఒడ్డున కూర్చుని చూశాను. తోక తెగలేదు, ఊడలేదు. రోజురోజుకీ కురచై ఒంట్లోనే కలిసిపోయింది. బాపుకు చెప్పాను. ఆ సాయంత్రం ఆయన అరుగు మీద ఇంకెవరికో తనే కనిపెట్టినట్టు చెబుతుంటే విన్నాను.

టీవీ పిల్లలను పాడుచేస్తుందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అది లేకపోతే రోజూ దాటే మడుగులోకి నేను మళ్ళీ తలొంచేదాన్నే కాదు. కానీ దాని ముందు పిల్లను ఒంటరిగా పారేసి, చదువు అదే వస్తుందంటే మాత్రం ఊరుకోను. అది తన పాట తాను పాడుకుంటూ పోతుంది. పిల్ల అందుకుందా లేదా అని ఆగి చూడదు. చూడాల్సింది పక్కనున్న మనిషి.

కోడలు ఏమన్నా అననీ. మనవరాలి పక్కన కూర్చుని రిమోటు నా చేతిలోకి తీసుకుంటాను. సౌండు తగ్గిస్తాను. పిల్ల ముందు మొత్తుకుంటుంది. తర్వాత తెర వదిలి నా వైపు తిరిగి, బొమ్మలో ఏం జరుగుతోందో తన మాటల్లో చెప్పడం మొదలుపెడుతుంది. పంచాయతీ గదిలో ఆ అక్క నాకిచ్చిన గొంతు అది. పిల్లకు దాన్ని పూర్తిగా అప్పజెప్పేదాకా ఈ రిమోటు ఎవరికీ ఇవ్వను.