ఏడిస్తే వెలిగే బల్బు

వనపర్తిలో నేనూ భాయ్ కలిసి దుకాణం తెరిచిన కొత్తలో మా బోర్డు చదివి నవ్వని వాళ్ళు లేరు. "ఇంటి పనులు అన్నియు చేయబడును" అని పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలతో రాయించాం. కుళాయి కారినా, ఫ్యాను ఆగినా, తలుపు కుంగినా, మోటారు కాలినా ఒకే చోట చెబితే చాలు, మేం వస్తాం. ఇలాంటి దుకాణాలు హైదరాబాదులో ఉన్నాయని వినడమే తప్ప మేం చూసింది లేదు. మా వైపు ఊళ్ళలో ఒక్కో పనికి ఒక్కో మనిషిని వెతుక్కోవాలి. పక్కనున్న చాయ్ హోటల్ పెద్దాయన గ్లాసులు కడుగుతూనే అనేవాడు: "అన్ని పనులొచ్చినోనికి ఒక్క పని సక్కగ రాదంటరు బిడ్డా. జర సూసుకోండ్రి."

మాది గోపాల్‌పేట పక్క ఊరు. అంతకుముందు టెంట్ హౌస్‌లో పనిచేశాను. పెళ్ళిళ్ళకు మైకుసెట్లు, వినాయక చవితి మండపాలకు లైట్లు కట్టేవాణ్ణి. భాయ్ కొత్తకోటలో లారీ మెకానిక్‌ల మధ్య పెరిగి, పైపుల పని నేర్చుకున్నవాడు. నాకంటే పెద్దవాడు, నన్ను తమ్మీ అని పిలిచేవాడు. ఒక పెళ్ళింట్లో నీళ్ళ డ్రమ్ము కారుతుంటే అతను వచ్చాడు, మైకు మూగబోతే నేను వెళ్ళాను. అలా అక్కడే కలిశాం.

ఒక రోజు పొద్దున ఒక పెద్దమ్మ వచ్చి దుకాణం ముందు నిలబడింది. "తలుపు గొళ్ళెం పడ్తలేదు బిడ్డా, జర వచ్చి చూస్తవా?" అంది.

ఇల్లు మసీదు వెనక సందులో. ముందు గదిలో ఆమె కొడుకు కుట్టుమిషను తొక్కుతున్నాడు. కోడలు గోడవైపు తిరిగి కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. మూలన చీరతో కట్టిన తొట్టెలలో నెలల పాప. నేను గొళ్ళెం విప్పి మేకులు సరిచేస్తుండగా పాప ఏడవడం మొదలుపెట్టింది. మామూలు ఏడుపు కాదు, గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి కదల్లేదు. తండ్రి మిషను ఆపలేదు. పెరట్లో బట్టలు ఆరేస్తున్న పెద్దమ్మ పరుగున వచ్చి కోడలి భుజం తట్టింది. ఆ అమ్మాయి ఉలిక్కిపడి లేచి పాపను గుండెకు హత్తుకుంది.

నేను చూస్తున్నానని పెద్దమ్మ గమనించింది.

"ఇద్దరికీ ఇనరాదు బిడ్డా. పుట్టినకాంచి గంతే. నేనున్నన్ని దినాలు నేనే వాళ్ళ చెవులు. గద్వాల దిక్కు మా ఊర్ల నాట్లేసే యాళ్ళయితుంది. ఇంకెంతకాలం ఉంట? నేను పోతే పిల్ల ఏడ్చేది వీళ్ళకెట్ల ఎర్కయితది?"

కోడలు అప్పటికే ఒక ఉపాయం చేసుకుంది. నిద్రపోయేటప్పుడు తన చేతికి ఒక దారం, దాని రెండో కొస తొట్టెలకు. పాప బాగా కాళ్ళు తన్నితే దారం లాగుతుంది. కదలకుండా ఏడిస్తే మాత్రం తెలియదు.

నేను గొళ్ళెం బిగించి లేచాను. పెద్దమ్మ నావంక సూటిగా చూసి అడిగింది. "అన్ని పనులు చేస్తమని రాసుకున్నరు గద. గీ పని చేస్తరా?"

ఎందుకన్నానో తెలియదు, "చేస్తం పెద్దమ్మా" అనేశాను.

భాయ్ తల పట్టుకున్నాడు. "ఏం మాటిచ్చినవ్ తమ్మీ! పైపు పగిలితే అతికిస్త. ఏడుపును ఏం జేస్తం?"

నాకు గుర్తొచ్చింది వినాయకుడి మండపం. పాటకు తగ్గట్టు ఎగిరే లైట్లుంటాయి కదా, పాట గట్టిగా వస్తే గట్టిగా వెలుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. ఆ డబ్బాలు ఎన్నో బాగుచేశాను. పాటకు వెలిగేది ఏడుపుకు మాత్రం వెలగదా? పాత టేప్‌రికార్డర్‌లోంచి బఠాణీ గింజంత మైకు పీకాను. మధ్యాహ్నాలు కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీ కావాలి. భాయ్ కొత్తకోట వెళ్ళి ఒక లారీ బ్యాటరీ, పసుపు రంగు ఇండికేటర్ బల్బులు తెచ్చాడు. ఏమవుతుందో చూద్దామన్న ఆత్రం ఇప్పుడు నాకంటే అతనికే ఎక్కువైంది.

బిగించిన రోజు నేను ఎన్నటికీ మరచిపోను.

ఒక బల్బు మిషను పైన, ఒకటి వంటింట్లో, ఒకటి ఆ అమ్మాయి పడుకునే చోట తలవైపు పెట్టాం. నేను చప్పట్లు కొట్టాను. మూడూ వెలిగాయి. ఆ అమ్మాయి నా చేతులవంక, బల్బువంక చూసింది. తనూ ఒకసారి చప్పట్లు కొట్టింది. వెలిగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ కొట్టింది. గిన్నె మీద గరిటెతో కొట్టింది, తలుపు వేసి తీసింది. ప్రతిసారీ వెలుగే.

ఆమె భర్త లేచి కత్తెర కింద పడేశాడు. వెలిగింది. మిషను ముందు కూర్చుని తొక్కాడు. తొక్కినంతసేపూ బల్బు వెలుగుతూనే ఉంది, కాలు తీస్తే ఆరిపోయింది. అతని ముఖం మారిపోయింది. ఎన్నేళ్ళుగానో ఆ మిషను మీదే బతుకుతున్నాడు. అది ఇంత చప్పుడు చేస్తుందని అతనికి తెలియదు. తల్లివైపు తిరిగి చేతులతో ఏదో అడిగాడు.

"నీ మిషిను లొల్లి వాడకట్టంత ఇనొస్తది కొడకా" అని నవ్వుతూ చేతులతో చెప్పింది పెద్దమ్మ. అతను కంగారుగా పాపను చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపి, చెంప కింద అరచెయ్యి పెట్టి చూపించింది. తర్వాత మాకు చెప్పింది: "పిల్ల పరేషాన్ అయితుందా అంటుండు. ఆ సప్పుడుకే నిద్రపోతదని చెప్పిన."

అతను మిషను చెక్కమీద చెయ్యి ఆన్చి అలాగే ఉండిపోయాడు.

ఇంతలో ఎవరూ ఏమీ చేయకుండానే బల్బు వెలగడం మొదలైంది. పెరుగుతూ, తగ్గుతూ, ఆగి మళ్ళీ పెరుగుతూ. ఆ అమ్మాయి గదంతా వెతికి, ఏమిటన్నట్టు మమ్మల్ని చూసింది. భాయ్ రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టుకుని, కిటికీలోంచి మసీదు మినారు చూపించాడు. ఆమె కిటికీ దగ్గరకు వెళ్ళి, అజాన్ అయిపోయేదాకా మినారునూ బల్బునూ మార్చి మార్చి చూస్తూ నిలబడింది. నేను రోజూ వినే అజానే అది. అప్పుడు మాత్రం దాన్ని మొదటిసారి వింటున్నట్టు అనిపించింది.

బయటి చప్పుళ్ళకు వెలగకుండా తర్వాత మైకును తొట్టెలకు దగ్గరగా కట్టి, దూరపు చప్పుడు అందుకోకుండా దాని మీట తగ్గించాం. అయినా నిద్రలో మాత్రం ఆ అమ్మాయి దారాన్ని వదల్లేదు. అదీ మంచిదే అనుకున్నాం. పెద్దమ్మ నాట్లకు వెళ్ళిపోయింది. పోతూ "బీచుపల్లి అంజన్నకు మీ ఇద్దరి పేరు మీద టెంకాయ కొడ్త" అంది. "నా పేరు మీద గూడనా?" అని భాయ్ నవ్వితే, "నీకెక్కువ కొడ్త, బ్యాటరీ మోసినవ్ గద" అంది.

కొంతకాలానికి బ్యాటరీలో నీళ్ళు చూడడానికి వెళ్ళాను. ఆ అమ్మాయి బియ్యం ఏరుతోంది. బల్బు మిణుక్కుమంది. తలెత్తి చూసి, మళ్ళీ బియ్యంలో పడింది. పాప సన్నగా మూలుగుతోంది. కంగారుపడి నేను తొట్టెల చూపించాను. ఆమె చేత్తో ఆగమని, కళ్ళు మూసి తెరిచి, నిద్రకోసమని చెప్పింది. నిజమే, పాప మూలిగి మూలిగి పడుకుంది. కాసేపటికి మళ్ళీ వెలిగింది, ఈసారి పొడుగ్గా, ఆగి, మరీ పొడుగ్గా. చేట కిందపెట్టి వెంటనే లేచింది. నోటి దగ్గర వేళ్ళు పెట్టి, ఆకలని చూపించింది.

ఆ బల్బు పెట్టింది నేను. నాకు వెలిగిందా, ఆరిందా అన్నంతవరకే తెలుసు. ఆమె ఆ వెలుగులో బిడ్డ గొంతును గుర్తుపడుతోంది.

పాలు తాగాక పాపను తొట్టెలలో వేసింది. తండ్రి వచ్చి కొలతల టేపుతో ఆడించాడు. పాప నవ్వింది. బల్బు చిన్న చిన్న తునకలుగా, గబగబా మెరిసింది. అలా మెరవడం వాళ్ళకు కొత్త కాదనుకుంటాను, ఇద్దరూ ఒకేసారి బల్బువైపు తిరిగారు. అతను మళ్ళీ టేపు ఊపాడు. మళ్ళీ మెరిసింది. వాళ్ళు పాప నవ్వును చూస్తూ నవ్వుతున్నారు, నేను పానా చేతపట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆ సంగతి పెద్దమ్మ ఊరంతా చెప్పింది. గద్వాల నుంచి, నాగర్‌కర్నూలు నుంచి కూడా పనులు రావడం మొదలయ్యాయి. ఆ ఇంటికి వెళ్ళడం తగ్గింది. పాప నడక నేర్చాక తనే వచ్చి తల్లి కొంగు లాగేదట, బల్బులు పీకేశారు.

మళ్ళీ వెళ్ళింది కుళాయి కారుతోందని కబురొస్తే. పాప గడప దగ్గర నిలబడి, "నాయినమ్మ ఊరికి పోయింది" అని ముద్దుముద్దుగా చెప్పింది. మాటలు వచ్చేశాయి! నాయినను పిలవమన్నాను. అతను అటు తిరిగి కుడుతున్నాడు. పాప పిలవలేదు. నడిచి వెళ్ళి, మిషను చెక్కమీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. అతను వెంటనే తిరిగి నవ్వాడు. పాప చేతులతో నా సంగతి చెప్పి, నావైపు చూసి వివరించింది.

"మా నాయిన గిట్ల ఇంటడు."