నట్లు బిగించిన ఇల్లు

మా పక్కింటి పెద్దమ్మ నిద్రలోనే పోయిందని ఆ మంగళవారం పొద్దున, నేను దేవుడి దగ్గర దీపం పెడుతుండగా చెప్పారు. పదో తరగతి తర్వాత నేను మహిళా సంఘం తీర్మానాలు తప్ప ఏమీ రాసినదాన్ని కాను. అయినా ఇన్నాళ్లకు కలం పట్టాను. పెద్దమ్మ ఉన్న ఇల్లు ఆమెదేనని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. కరెంటు బిల్లు కూడా జాగా ఓనరు పేరు మీదే వచ్చేది. ఆమెను గురించి ఒక కాగితమైనా ఉండాలనిపించింది.

గద్వాలలో మా వీధిలో చాలామందిది ఇదే బతుకు. నేల ఒకరిది, దాని మీద రేకుల ఇల్లు మాది. నెలనెలా నేలకు కిరాయి కడతాం. నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి కోడలిగా వచ్చిన పెద్దమ్మ తన ఇంటిని మూడు జాగాలు మార్చింది. పొమ్మన్నప్పుడల్లా విప్పడం, ట్రాక్టరులో వేయడం, మరోచోట బిగించడం. చదువు రాదు కనుక ఏ రేకు పక్కన ఏది రావాలో సున్నపు చుక్కలతో గుర్తు పెట్టుకునేది. శుక్రవారం ఇల్లు అలికాక పానా పట్టుకుని ఒక్కో నట్టునూ కాస్త తిప్పి చూసి, నూనె చుక్క వేసేది.

"తుప్పు వట్టనియ్యొద్దు బిడ్డా. పోవాల్సిన దినం నట్టు కదలకుంటే ఏం జేస్తవ్?" అనేది.

మేము ఇంటికి లోను అడిగితే బ్యాంకులో జాగా పట్టా తెమ్మన్నారు. లేదు. చివరికి సంఘంలో అప్పు తీసుకుని రేకులు కొన్నాం. పట్టుచీరలు నేసే మా ఆయన, మగ్గం గుంటలోకి వాన జల్లు కొడుతోందని చుట్టూ నడుమెత్తు ఇటుక గోడ కట్టబోయాడు. పెద్దమ్మ వచ్చి ఆయన చేతిలోని తాపీ పట్టుకుని ఆపింది.

"సిమెంటు వెడితే జాగ ఓనరుదైతది. నట్టు వెడితే నీదైతది. జర ఇను కొడుకా."

"పట్టు తడుస్తది పెద్దమ్మా. నీకేంది, నీ మేకలు తడిస్తే దులుపుకుంటయ్," అని నవ్వి ఆయన కట్టేశాడు. నేనూ ఆపలేదు.

రెండేళ్లకు మా జాగా ఓనరు కాలం చేశాడు. కొడుకు ఆ జాగాను మా ఇంటితో సహా బేరం పెట్టాడు.

"గోడ గట్టిన్రు గద, ఇగ ఇల్లు జాగతోనే పోతది. సోమారం కల్లా సామాను సర్దుకోన్రి," అన్నాడు.

అప్పు ఇంకా సగం ఉంది. ఇల్లు పోయి, దాని వాయిదాలు మాకు మిగులుతాయి. పెద్దమ్మ కొంగు దోపుకుని అతని ముందుకు వచ్చింది.

"గోడ నీదే బిడ్డా, ఉంచుకో. రేకులు మీ నాయన కొన్నడా?"

"ఓ అవ్వా, కాయిదా కానూను నీకేం తెల్సు?"

"కాయిదా తెల్వది. పానా తెల్సు."

చేరిన ఆడవాళ్లంతా నవ్వారు. అతనికీ నవ్వు ఆగలేదు. "సరే, సోమారం లోపల ఏమిప్పుకుంటరో ఇప్పుకోన్రి. గోడ మీద చెయ్యేస్తే మాత్రం ఊకోను."

"నీ గోడకు పసుపు రాసి పోతం తీ."

మరునాడు పొద్దున్నే ఆమె నిచ్చెన ఎక్కింది. అప్పటికి అరవై దాటిన మనిషి. మా ఆయన మగ్గం గుంట అంచున కూర్చుని ఏడుస్తుంటే, "గుంత యాడన్న తవ్వుకోవచ్చు. లే కొడుకా, రేకు వట్టు," అంది. తర్వాత ఎవరి కాలైనా పడుతుందని ఆ గుంటను తానే మట్టితో పూడ్చింది. గోడ సిమెంటులో కూరుకుపోయిన నాలుగు రేకులు మాత్రం ఎంత లాగినా రాలేదు. మేము తల దించుకున్నాం. "నేను చెప్పలేదా" అని ఆమె ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. తన మేకల కొట్టం నుంచి నాలుగు రేకులు విప్పి మా ట్రాక్టరులో వేసింది. ఆమె ఇంటి పక్కనే ఖాళీగా ఉన్న జాగాను కిరాయికి తీసుకుని ఇల్లు మళ్లీ బిగించుకున్నాం. ఈ రోజుకీ మా వంటింటి కప్పు అవే. పూజలో కూర్చుంటే నా కళ్లు ముందు అటే పోతాయి.

పదకొండో రోజు అయ్యాక వనపర్తి నుంచి వచ్చిన కూతురు పెద్దమ్మ ఇంటిని విప్పి తీసుకుపోయింది. ఆ జాగాలో ఇప్పుడు చుట్టూ కంకర, మధ్యలో ఆమె చేతులతో అలికిన నున్నటి నేల చదరం. రెండు వానలు పడ్డా ఇంకా చెదరలేదు. అడ్డదారిన పోయే ఆడవాళ్లు దాన్ని తొక్కకుండా, ఇంకా అక్కడ గోడలున్నట్టే చుట్టి పోతున్నారు.

చదివినవాళ్లు ఈ కాగితాలను జాగ్రత్తగా దాచండి. ఎవరికీ చూపకండి. ఆమె కూతురు ఆ ఇంటిని మళ్లీ ఒకరి జాగాలోనే నిలబెట్టుకుంది. ఆ ఇంటికి ఏ కాగితమూ లేదని నేనే ఇందులో రాశాను, అది ఆ జాగా ఓనరు కంట పడొద్దు.